బావి త్రవ్వినవారును నీళ్లు త్రాగువారును

ధ్యానభాగములు: యోహాను సువార్త 4వ అధ్యాయము, హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము



గడచిన మాసములో ఒక ఆదివారమున ఆరాధన ముగిసిన తరువాత, మా సంఘములోని ఒక వృద్ధురాలు గుడి మెట్లయొద్ద నన్ను నిలిపెను. ఆమె విధవరాలు. చదువు రాదు గాని కీర్తనలు అనేకము కంఠస్థముగా వచ్చును. ఆమె చేతిలో నాలుగు పుటల కాగితము మడతపెట్టి యుండెను. ఆరోగ్య పరిశోధన చేయువారు కొందరు మా ప్రాంతమునకు వచ్చి, అవ్వ, కొడుకు, మనుమడు ముగ్గురును ఒకే యింటనున్న కుటుంబములను ఎంచుకొనుచున్నారు. ఎత్తు, బరువు, రక్తపోటు చూచెదరు. రక్తము తీసికొందురు. ఏమి తినుచున్నారు, ఏ పని చేయుచున్నారు, తల్లిదండ్రులు ఏ జబ్బుతో పోయిరి అని అడుగుదురు. కొన్ని యేండ్లకు మరల వచ్చి అవే కొలతలు తీయుదురు. ఆ మనుమడు పెద్దవాడై పిల్లలను కనిన తరువాత వారినికూడ చూచెదరట.

"అయ్యగారూ, ఈ ముసలిదాని రక్తం తీసుకుని వాళ్ళేం చేసుకుంటారు? మందేమన్నా ఇస్తారా అంటే ఇవ్వమన్నారు. వాళ్ళ లెక్క తేలేటప్పటికి నేను ఉండనే ఉండను. ఇందులో వేలిముద్ర వెయ్యమంటారా, వద్దంటారా?"

నాకు ఆ మధ్యాహ్నము మరియొక గ్రామములో ఆరాధన ఉండెను, బస్సు వేళ మించిపోవుచుండెను. "మంచి పనేనమ్మా, వెయ్యండి" అని చెప్పి వెళ్లిపోయితిని.

బస్సులో కూర్చుండిన తరువాత నా మాట నాకే గ్రుచ్చుకొనెను. ఆ కాగితమును నేను చదువలేదు. ఆమె అడిగినదానికి జవాబును చెప్పలేదు. అయ్యగారు చెప్పినారు గనుక ఆమె వేలిముద్ర వేయును. ఆమె ప్రశ్న నా తొందరకు తగిన చిన్న ప్రశ్న కాదు. తనకు తిరిగి రాని మేలు కొరకు మనుష్యుడు తన దేహములోనిది ఇయ్యవలెనా? అది ప్రేమయా, లేక అమాయకత్వమా? తన సంగతి సరే, ఏడేండ్ల మనుమని పక్షముగా మరియొకరు ఇయ్యవచ్చునా? ఈ నెలరోజులు నేను చదివినదియు తలపోసినదియు మీ ముందు పెట్టుచున్నాను.

ఈ విధమైన పరిశోధనలలో మిక్కిలి పేరు పొందినది అమెరికాలో జరుగుచున్నది. మసాచుసెట్స్ రాష్ట్రములో బోస్టన్ నగరమునకు పడమట ఫ్రామింగ్‌హామ్ అను ఊరు గలదు. అది 1948లో ఇంచుమించు 28,000 మంది జనముగల సాధారణమైన ఊరు. అంతకు మూడేండ్లకు ముందు, 1945 ఏప్రిల్ 12వ తేదీన, ఆ దేశాధ్యక్షుడైన రూజ్వెల్ట్ మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను. ఆ దినమున ఆయన రక్తపోటు 300కు 190. నేడు మన గ్రామములో 160 ఉన్నదనగానే నర్సమ్మ కోప్పడి మందు మింగించును గదా! రాజ్యమంతటిలో పేరుగల వైద్యులు ప్రక్కనుండగా అంత గొప్పవానికి ఆ గతి యేల పట్టెను? వయస్సు మీరినకొలది రక్తపోటు పెరుగుట సహజమేయని ఆనాటి వైద్యులలో అనేకులు తలచుచుండిరి. తగ్గించుటకు సరియైన మందులును లేవు. గుండెజబ్బు పిడుగువలె పడునని జనులు అనుకొనుచుండిరి. ఎవనిమీద పడునో, ఏల పడునో ఎవరికిని తెలియదు.

కాబట్టి 1948లో ఫ్రామింగ్‌హామ్‌లో 30 మొదలు 62 ఏండ్ల వయస్సుగల 5,209 మంది స్త్రీపురుషులను చేర్చుకొన మొదలుపెట్టిరి. వీరు అప్పటికి గుండెజబ్బు బయటపడనివారు. ఊరివారే కొందరు పొరుగువారియొద్దకు వెళ్లి మాటలాడి వారిని ఒప్పించిరి. రెండేండ్లకొకసారి వచ్చి పరీక్ష చేయించుకొనవలెను. చికిత్స చేయుట ఆ పరిశోధన పని కాదు. కనబడిన సంగతిని వారి సొంత వైద్యునికి వ్రాసి పంపుదురు, అంతే. పని మానుకొని వచ్చుట, బట్టలు విప్పి పరుండుట, సూది పొడిపించుకొనుట, తన అలవాట్లన్నియు చెప్పుకొనుట, ఇట్లు రెండేండ్లకొకసారి జీవితాంతమువరకు! కొందరు తాము చనిపోయిన తరువాత తమ మెదడును సహా పరీక్షించుటకు ఒప్పుకొనిరి.

దాని ఫలమేమి? 1960లో పొగత్రాగుట గుండెకు చేటని వారి లెక్కలవలన తేలెను. 1961లో రక్తపోటును, రక్తములోని కొలెస్టరాలు అను క్రొవ్వును గూర్చి అట్లే తేలెను. 1970లో అధికమైన రక్తపోటు పక్షవాతమునకు దారితీయునని తేలెను. నేడు ఏ పల్లెటూరి ఆరోగ్యకేంద్రములోనైనను మన జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టి బి.పి. చూచుచున్నారన్న, చుట్ట మానుమని చెప్పుచున్నారన్న, అందులో ఆ ఊరివారి రక్తము కొంత యున్నది. వారు మనలను ఎరుగరు. మొదట చేరినవారిలో మిక్కిలి ఎక్కువమంది ఇప్పుడు సమాధులలో ఉన్నారు. మన పక్కింటి తాత రోజుకొక చిన్న మాత్ర వేసికొని తన మనుమరాలి పెండ్లి చూడగలిగెనంటే, ఆయన ఎన్నడు పేరైనను వినని ఒక ఊరికి ఆయన ఋణస్థుడు.

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో మోషే ఇశ్రాయేలీయులకు చెప్పిన హెచ్చరిక నాకిక్కడ జ్ఞాపకమునకు వచ్చుచున్నది. మీరు త్రవ్వని బావుల నీళ్లు త్రాగబోవుచున్నారు, మీరు నాటని తోటల పండ్లు తినబోవుచున్నారు, కడుపు నిండిన తరువాత మరచిపోకుడి అని ఆయన భావము. యోహాను సువార్త 4వ అధ్యాయములో మన ప్రభువు అలసి కూర్చుండినదికూడ అట్టి బావియొద్దనే. యాకోబు త్రవ్వించిన బావి అది. ఆయన కాలమునుండి ఎన్ని తరములవారు చేదుకొనిరో! నీళ్లకు వచ్చిన సమరయ స్త్రీ ఆ బావిని గూర్చి గర్వముతో మాటలాడెను. అదే అధ్యాయములో, ఒకరి కష్టఫలములో మరియొకరు ప్రవేశించుటను గూర్చి ప్రభువు శిష్యులకు చెప్పెను. బావియొద్ద కూర్చుండి ఆ మాట చెప్పుట ఊరక జరిగినదని నేననుకొనను.

మన పెద్దలకును ఇది తెలియని సంగతి కాదు. ముసలితనములో చింతగింజ నాటినవాడు ఆ చెట్టు చింతపండుతో పులుసు త్రాగుదునని నాటలేదు. ఫ్రామింగ్‌హామ్‌లో చేరినవారుకూడ మొదట తమ సొంత మేలు కొంత ఆశించి యుందురు, అది తప్పు కాదు. ఊరకనే వైద్యపరీక్ష దొరుకుట చిన్న సంగతియా? అయితే ఇరువది ముప్పది యేండ్లు మానక వచ్చుటకు ఆ ఆశ యొక్కటే చాలదు.

1971లో వారి పిల్లలను, ఆ పిల్లల భార్యలను భర్తలను కలిపి 5,124 మందిని చేర్చుకొనిరి. 2002 మొదలుకొని మనుమలు మనుమరాండ్రు చేరిరి, వారు 4,095 మంది. మూడు తరములు ఒకే గ్రంథములోనికి ఎక్కినవి. తండ్రిగాని తల్లిగాని చిన్న వయస్సులోనే గుండెజబ్బు పాలయిన యెడల, మిగిలిన కారణములను ప్రక్కనపెట్టి చూచినను, కొడుకునకు ఆ జబ్బు వచ్చుట ఇంచుమించు రెండింతలగునని 2004లో ప్రకటించిరి. కుమార్తెలకును అంతకు కొంచెము తక్కువగా ఆ పెరుగుదల కనబడెను.

ఇక్కడ కొంచెము ఆగి మన ఇండ్ల సంగతి మాటలాడవలెను. మన గ్రామములలో ఇంటి జబ్బును దాచుదుము. మామగారు నలువది యేండ్లకే గుండె పట్టుకొని కూలిపోయెనని పెండ్లిచూపులనాడు ఎవరు చెప్పుదురు? మూర్ఛ ఉన్నదనిగాని, చక్కెరవ్యాధి ఉన్నదనిగాని బయటికి వచ్చినచో ఆడపిల్లకు సంబంధము రాదని భయము. ఆ భయము అబద్ధమైనది కాదు. నేను జరిపించిన పెండ్లిండ్లలో ఎన్నింటిలో ఇట్టి సంగతి గడప లోపల మిగిలిపోయెనో దేవునికి తెలియును. దానికితోడు, "వాళ్ళ వంశానికి శాపం ఉంది" అను మాటను క్రైస్తవులమైన మనమును పలుకుచున్నాము. తండ్రులు తిన్న పులుపునకు పిల్లల పళ్లు జివ్వుమనునను సామెతను యెహెజ్కేలు 18వ అధ్యాయములో దేవుడు ఇక పలుకవద్దనెను గదా. పుట్టు గ్రుడ్డివానిని చూచి, వీడు పాపము చేసెనా, వీని కన్నవారు చేసిరా అని అడిగిన శిష్యులతో ప్రభువు ఏకీభవింపలేదు (యోహాను 9). రెండింతలని లెక్క చెప్పుచున్నదే గాని, తప్పదని చెప్పుటలేదు. ఆ కొడుకు పొగాకు మానవచ్చును, ఉప్పు తగ్గింపవచ్చును, ముప్పది యేండ్లకే రక్తపోటు చూపించుకొనవచ్చును. అయితే తండ్రి జబ్బు అతనికి తెలిసిననే గదా! దాచిన తండ్రి తన మానమును కాపాడుకొని కొడుకును గ్రుడ్డివానిగా పంపుచున్నాడు.

ఇక ఫ్రామింగ్‌హామ్ సంగతిలో ఒక కొరత యున్నది. మొదట చేరినవారు ఇంచుమించు అందరును తెల్లవారు. ఆ ఊరిలోని ఇతర జాతులవారిని ప్రత్యేకముగా చేర్చుకొనుట 1994లోగాని మొదలుకాలేదు. వారి తల్లులు తిన్న తిండి వేరు, మన తల్లులు తిన్న గంజి వేరు. మన దేహముల సంగతి మన దేహములనే అడుగవలెను. ఆలాటి పని మన తెలుగు పల్లెలలోను జరిగినది. వృద్ధురాలి ప్రశ్నలోని కష్టమైన భాగము నాకు అక్కడనే అర్థమైనది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1987 మొదలు 1990 వరకు ఆ నగరమునకు దగ్గరనున్న 29 గ్రామములలో ఒక పరిశీలన చేసిరి. 15 గ్రామములలో గర్భిణీలకును, బాలింతలకును, ఆరేండ్లలోపు పిల్లలకును దినదినము మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టబడెను. దానివలన స్త్రీలకు దినమునకు 20 మొదలు 25 గ్రాములు, పిల్లలకు 8 మొదలు 10 గ్రాములు మాంసకృత్తులు అందెను. మన అంగన్‌వాడీలను నడుపు ప్రభుత్వ పథకము వారికి తిండి పెట్టినది. మిగిలిన 14 గ్రామములకు ఆ పథకము ఇంకను చేరలేదు. తల్లికి తిండి దొరికినచో పుట్టిన బిడ్డ బరువు పెరుగునా అనునది మొదటి ప్రశ్న.

పరిశీలన ముగిసెను. పిల్లలు పెరిగిరి, కొందరు పనులకు పోయిరి, కొందరు బడికి పోయిరి. 2003 మొదలు 2005 వరకు పరిశోధకులు ఆ 29 గ్రామములకు మరల వెళ్లి, ఆ కాలమున పుట్టిన 1,165 మందిని కనుగొని కొలిచిరి. అప్పటికి వారు 13 మొదలు 18 ఏండ్లవారు. ఉప్మా పెట్టిన గ్రామముల పిల్లలు మిగిలినవారికంటె సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తుగలవారై యుండిరి. వారి రక్తనాళములు మెత్తగా ఉండెను, చక్కెరవ్యాధికి దారితీయు గుణము వారి రక్తములో తక్కువగా ఉండెను. తరువాత ఆ పిల్లల తల్లిదండ్రులను, తోబుట్టువులనుకూడ చేర్చుకొని, దానికి ఆంధ్రప్రదేశ్ పిల్లల తల్లిదండ్రుల అధ్యయనమను అర్థమిచ్చు పేరు పెట్టిరి.

14 మిల్లీమీటర్లనగా ఎంత? మీ బొటనవ్రేలి గోరును చూచుకొనుడి, ఇంచుమించు దాని వెడల్పు. ఒక గిన్నెడు ఉప్మా పదిహేనేండ్ల తరువాతకూడ పిల్లవాని దేహములో ఒక గోరంత నిలిచి సాక్ష్యమిచ్చుచున్నది! ఆకలిగొనినవానికి పెట్టిన అన్నము వ్యర్థము కాదని మనము ప్రసంగములలో చెప్పుదుము. దానిని కొలబద్దతో కొలిచి చూపినవారు వీరు.

అయితే ఆ 14 గ్రామముల పిల్లవాని మాట యేమి? ఇది నన్ను విడువలేదు. పరిశోధకులు వాని నోటియొద్దనుండి గిన్నె లాగుకొనలేదు. పథకము ఊరూరికి మెల్లగా వచ్చుచుండెను, వాని ఊరికి ఆలస్యమాయెను. అయినను, తిండి పెట్టిన ఊరి పిల్లవాడు ఎంత పెరిగెనో తెలియుటకు, తిండి రాని ఊరి పిల్లవాడు ఎంత పెరుగలేదో తెలియవలెను. వాని కొరతయే కొలబద్ద ఆయెను. వాని పొట్టితనమువలన లోకమునకు జ్ఞానము కలిగెను. దీనిని వాడు చేసిన త్యాగమని పిలువవచ్చునా?

పిలువరాదని నా మనస్సు చెప్పుచున్నది. వాడు ఇయ్యలేదు, వానికి రాలేదు, అంతే. లేనిదానిని త్యాగమని పొగడుట లోకములో పెద్దలు పేదలకు చేయు పాత మోసము. మార్కు సువార్త 12వ అధ్యాయములోని బీద విధవరాలిని జ్ఞాపకము చేసికొనుడి. ఆమె వేసినవి రెండే కాసులు. అయితే అవి ఆమె చేతిలో ఉండెను, ఎన్నియో ఆమెకు తెలియును, అవి పోయినచో ఇంట ఏమి మిగులునో తెలియును, తెలిసియే వేసెను. ఎవడైనను ఆమె కొంగు ముడి విప్పి ఆ రెండు కాసులు తీసి పెట్టెలో వేసినచో, పెట్టెలో పడు సొమ్ము అంతే యుండును గాని, ప్రభువు శిష్యులను పిలిచి చూపుటకు అక్కడ ఏమియు ఉండదు. తెలిసి ఇచ్చినదే కానుక. తెలియక పోయినది నష్టము. రక్తము విషయములోను అంతే. గాజుబుడ్డిలోనికి పోవునది అదే రక్తము, కొలతలును అవే, లెక్కకు తేడా లేదు. ఇచ్చినవానికి మాత్రము తేడా యున్నది.

ఆ 14 గ్రామముల పిల్లవాని పొట్టితనము మనకు కానుక కాదు గనుక, అది మనమీద అప్పుగా నిలిచియున్నది. ఆ లెక్క చదివినవాడెవడైనను, గర్భిణీకి తిండి అందని మరియొక ఊరిని చూచి ఊరకుండుటకు ఇక వీలులేదు. హేబెలు చనిపోయియు మాటలాడుచున్నాడని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము చెప్పుచున్న రీతిగా, కొలబద్దయొద్ద నిలిచిన ఆ పిల్లవాడుకూడ మాటలాడుచున్నాడు.

తెలియనీయకుండ తీసికొనుట ఎంత దూరము పోగలదో చెప్పుటకు మరియొక చరిత్ర యున్నది. అమెరికాలో అలబామా రాష్ట్రమున టస్కీగీ అను ఊరు గలదు. 1932లో ఆ దేశ ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు ఆ ప్రాంతములోని బీద నల్లజాతి పురుషులు 600 మందిని చేర్చుకొనిరి. వారిలో 399 మందికి సవాయి రోగము ఉండెను. "మీ రక్తం చెడింది, చూస్తాము" అని చెప్పిరే గాని రోగము పేరు చెప్పలేదు. ఊరక పరీక్షలు, వేడి భోజనము, చనిపోయినచో సమాధి ఖర్చు ఇత్తుమనిరి. 1940ల చివరకు పెన్సిలిన్ ఆ రోగమునకు సరియైన మందని అందరికిని తెలిసెను. అయినను వారికి ఇయ్యలేదు. రోగము మనుష్యుని ఎట్లు తినివేయునో చూచుటకై, ఊరక చూచుచు కూర్చుండిరి. భార్యలకు సోకెను, పుట్టిన బిడ్డలకు సోకెను. 1972లో పత్రికలలో బయటపడువరకు, 40 ఏండ్లు ఇది సాగెను. 1997లో అధ్యక్షుడు క్లింటన్ ఆ దేశము పక్షముగా క్షమాపణ చెప్పెను. అప్పటికి ఆ పురుషులలో కొద్దిమంది మాత్రమే బ్రదికియుండిరి.

ఈ చరిత్రలో నాకు నిద్ర పట్టనీయని సంగతి ఒకటున్నది. ఆ మనుష్యులను పిలుచుటకు ప్రకటనలు ఎక్కడ చేసిరనుకొన్నారు? బడులలో చేసిరి, గుళ్లలోకూడ చేసిరి. నావంటి కాపరి ఎవడో, ఆదివారము ఆరాధన తరువాత, మంచి పనియని తలంచి ప్రకటించి యుండును. అతనికిని బస్సు వేళ మించిపోవుచుండెనేమో! దావీదు జనసంఖ్య తీయించిన సంగతి 2 సమూయేలు 24వ అధ్యాయములో ఉన్నది. లెక్క కావలెనని కోరినది రాజు, తెగులువలన చచ్చినది జనము. అప్పుడుగాని దావీదుకు వారు గొఱ్ఱెలనియు, తాను కాపరియనియు జ్ఞాపకము రాలేదు. లెక్కపెట్టుట తప్పని నేననను. తొంబదితొమ్మిది గొఱ్ఱెలున్నవి, ఒకటి లేదని తెలిసికొన్న కాపరికూడ లెక్కపెట్టినవాడే. లెక్క తప్పినదానిని వెదకుటకు లేచి పోవునా లేదా అనునదే చూడవలెను.

ఇక మనుమని సంగతి. తల్లి బిడ్డ పక్షముగా ఇయ్యవచ్చునా? హన్నా ఇచ్చెను. బిడ్డ గర్భమున పడకముందే సమూయేలును దేవునికి మ్రొక్కుకొనెను, పాలు విడిచిన తరువాత తీసికొనిపోయి మందిరములో విడిచెను. దేవుడు ఆ కానుకను అంగీకరించెను. అయినను 1 సమూయేలు 3వ అధ్యాయములో ఏమి జరిగెనో చూడుడి. ఒక రాత్రి దేవుడు ఆ బాలుని పేరు పెట్టి పిలిచెను. ఒకసారి కాదు, వాడు తెలిసికొని జవాబు చెప్పువరకు మరల మరల పిలిచెను. తల్లి ఇచ్చినదిగదా, వానిని అడుగనేల అని దేవుడు అనుకొనలేదు. మన సంఘములోకూడ పసితనమున బాప్తిస్మము పొందినవారిని వయస్సు వచ్చిన తరువాత నిర్ధారణకు పిలిచి, నీవేమందువని అడుగుచున్నాము. దేవుడే పిల్లవానిని అడిగినప్పుడు, రక్తము తీయవచ్చినవారు అడుగకుండ పోవచ్చునా? చిన్నతనమున తల్లిదండ్రులు ఒప్పుకొనవచ్చును. వాడు పెద్దవాడైన దినమున వానినే మరల అడుగవలెను. వాడు వద్దనినచో కోపింపక విడిచిపెట్టవలెను.

తరువాతి వారము నేను ఆ వృద్ధురాలి యింటికి వెళ్లితిని. ఆమె అరుగుమీద కూర్చుండి చింతపండు గింజలు తీయుచుండెను. మొదట ఆమెతో క్షమాపణ చెప్పుకొంటిని. తరువాత ఆ కాగితము నాలుగు పుటలును మొదటినుండి తుదివరకు చదివి వినిపించితిని. మధ్యలో ఇష్టములేనప్పుడు మానుకొనవచ్చునని వ్రాసియున్నది, అది ఆమెకు ఎవరును చెప్పలేదు. పరీక్షలో జబ్బేదైన కనబడినచో తెలియజేయుదుమని వ్రాసియున్నది. అయితే ఏ భాషలో, ఎన్ని దినములలో అని లేదు. అది అడిగి తెలిసికొనుమని చెప్పితిని. పేర్లు బయటికి రావని ఉన్నది. మనుమరాలి పెండ్లిని తలంచుకొని దానిని ఆమె రెండుసార్లు చదివించుకొనెను.

ఫ్రామింగ్‌హామ్ సంగతియు, మన 29 గ్రామముల సంగతియు చెప్పితిని. ఆమె గింజలు తీయుట మాని వినెను.

"ఆ పెట్టని ఊళ్ళ పిల్లలకి తర్వాతన్నా ఎవరన్నా పెట్టారా అయ్యగారూ?"

అంగన్‌వాడీలు తరువాత దేశమంతట వ్యాపించినవనియు, అయితే ఆ పిల్లలకు ఆ చిన్నతనపు ఏండ్లు తిరిగి రాలేదనియు చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తన పిల్లలలో ఇద్దరు చిన్నతనముననే పోయిరని నాకు అంతకుముందు తెలియదు, ఆ దినమున చెప్పెను. ఏ జబ్బుతో పోయిరో ఎవరును అడుగలేదట, ఎవరును వ్రాసికొనలేదట.

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము చివరి భాగమును తెరచి, వాగ్దానఫలము అనుభవింపకయే చనిపోయిన ఆ పెద్దలను గూర్చి, మనము లేకుండ వారు సంపూర్ణులు కాకుండునట్లు దేవుడు చేసిన ఏర్పాటును గూర్చి, నాకు తోచినంత చెప్పితిని. ఆమెకు నాకంటె ఎక్కువ అర్థమైనట్లు తోచెను.

"అయితే నాది నేను వేస్తాను. మనవడిది వాళ్ళ నాన్న వచ్చాక మాట్లాడాలి. వాణ్ణి కూడా కూర్చోబెట్టి చెప్పాలి, సూదంటే వాడికి భయం." ఇట్లు చెప్పి, కొంచెము ఆగి, "మీరు ఇచ్చారా అయ్యగారూ మీ రక్తం?" అని అడిగెను.

మేము ఈ ఊరికి బదిలీమీద వచ్చినవారము, మా యింట మూడు తరములు లేవు గనుక నన్ను ఎవరును అడుగలేదని చెప్పితిని.

"అడిగితే ఇస్తారా?"

కాగితము చదివిన తరువాత చెప్పెదనంటిని. ఆమె పండ్లులేని నోటితో నవ్వి, ఆ నాలుగు పుటలను మడిచి, తాను చదువలేని బైబిలులో పెట్టుకొనెను.